దసరా దాకా దొరికిన ఉత్తరాలు

బ్యాకప్ ఉంది కదా అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అన్నవాళ్ల మీద కోపం కాదది. అదే మాట అదే తేలిక గొంతుతో నేనూ చాలా ఏళ్లు అన్నాను.

విజయనగరానికి కాస్త దూరంలో ఉన్న ఒక గోగునార మిల్లులో కంప్యూటర్ల పని నాది. ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే నేనే, మేనేజరు గారు తన పాస్‌వర్డ్ తానే మర్చిపోతే నేనే, గేటు దగ్గర వేలిముద్రల మిషన్ మొరాయిస్తే నేనే. మిల్లులో అందరి మెయిళ్లూ నా గది మూలనున్న నల్లటి సర్వర్ పెట్టెలోనే ఉండేవి. బయట పెద్ద కంపెనీల దగ్గర దాచుకుందాం అంటే, మన ఉత్తరాలు మన ఇంట్లోనే ఉండాలమ్మా అన్నారు పైవాళ్లు. సరే, మన ఇంట్లోనే ఉంచాను. పెట్టెలో ఉన్నదంతా రోజూ ఒకసారి దానంతటదే, వెనకాల తీగతో తగిలించిన ఒక హార్డ్ డిస్కులోకి కాపీ అయ్యేలా పెట్టాను. దాన్నే బ్యాకప్ అంటాం. పెట్టె పోయినా ఉత్తరాలు పోవు. అదీ నా ధీమా.

నారని మెత్తబరిచే విభాగంలో ఒక సూపర్‌వైజర్ ఉండేవాడు. యాభై దాటిన మనిషి, ఆమదాలవలస అవతల పల్లె. వారమంతా మిల్లు లైన్లలో, అంటే కార్మికుల క్వార్టర్లలో, ఒక గదిలో ఉండి ఆదివారం ఇంటికి వెళ్లొచ్చేవాడు. బాబాయ్ అని పిలిచేదాన్ని. కొత్త మేనేజరు వచ్చీ రాగానే ఒక రూలు పెట్టాడు: నోటి మాట చెల్లదు, మిషన్ గురించి ఏం చెప్పాలన్నా మెయిల్ పెట్టాలి. బాబాయ్ బిక్కమొహం వేసుకుని నా గదికి వచ్చాడు.

“ఏటమ్మా ఇది? గొంతు ఉండగా ఈ గుండీలు నొక్కీడమేటి?”

“నొక్కాలి బాబాయ్. రాసింది ఎక్కడికీ పోదు. రేపు ఎవరైనా కాదంటే తీసి చూపించొచ్చు.”

రెండు వేళ్లతో టైపు చేయడం నేనే నేర్పాను. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాడు. షిఫ్టు ఆఫీసులో ఉన్న కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా మెయిల్ తెరవడం రాదు. చేతిలో ఉన్నది పాత గుండీల ఫోను.

ఒక చలికాలం పొద్దున్న, టీల వేళకి, ఆ విభాగంలో ఒక కార్మికుడి కుడిచెయ్యి రోలర్ల మధ్యకి వెళ్లిపోయింది. మోచేతి దాకా. చేతులు లోపలికి పోకుండా రోలర్ల ముందు అడ్డంగా ఒక ఇనుప జాలీ ఉండాలి. ఆ రోజు అది ఒక పక్క ఊడి వేలాడుతోంది. ఆ కార్మికుడు ఎవరో కాదు, బాబాయ్‌కి సొంత బావమరిది. భార్య తమ్ముడు, ఇద్దరు పిల్లల తండ్రి. మిల్లులో పెట్టించింది కూడా బాబాయే.

కేక విని ఎవరో మెయిన్ స్విచ్ కొట్టేశారు. మిల్లు మోత ఒక్కసారిగా ఆగిపోతే ఎంత భయంగా ఉంటుందో అందులో పనిచేసినవాళ్లకే తెలుసు. తర్వాత ఆ కంగారులో స్విచ్ వేశారు, తీశారు, మళ్లీ వేశారు. నా గదిలో కరెంటు పోతే ఆదుకోవాల్సిన యూపీఎస్ బ్యాటరీ చచ్చి అప్పటికే చాలా రోజులైంది. సర్వర్లో రెండు డిస్కులుంటాయి, ఒకటి పోతే రెండోది ఆదుకోవాలని. మొదటిది వానాకాలంలోనే పోయింది. కొత్తది కావాలని రెండుసార్లు అడిగి, పలక్కపోతే నేనూ ఊరుకున్నాను. ఆ పొద్దున్న రెండోది కూడా టిక్కుటిక్కుమని నాలుగుసార్లు కొట్టుకుని ఆగిపోయింది. కింద మనిషి చెయ్యి పోతే పైన కూర్చుని నేను డిస్కు కోసం తల పట్టుకున్నాను. సిగ్గులేని మనిషి అనుకోండి, పడతాను.

మెయిల్ ఆగిపోయిందని హెడ్డాఫీసు నుంచి ఒకటే ఫోన్లు. విజయనగరం నుంచి కొత్త డిస్కు తెప్పించి, సాయంత్రానికల్లా ఖాళీ సర్వర్ని నడిపించేశాను. ముందు కొత్త మెయిళ్లు రానీ, పాతవి బ్యాకప్ నుంచి తీరిగ్గా తెచ్చుకుందాం అని. సర్వర్ ఖాళీగా కనిపించేసరికి దానికి కలిపి ఉన్న ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ తమ దగ్గరున్న పాత మెయిళ్లని కూడా చెరిపేసుకున్నాయి. మేనేజరు ఫోనూ అంతే. ఆ పని చేసేముందు పావుగంట ఆలోచించాల్సింది. ఏం ఆలోచన, నా మొహం! బ్యాకప్ ఉంది కదా అనుకున్నాను.

మూడోనాడు బాబాయ్ విశాఖపట్నం ఆసుపత్రి నుంచి నేరుగా నా గదికి వచ్చాడు. చొక్కా మార్చుకున్నట్టు లేడు.

“సెయ్యి తీసీసినారమ్మా,” అన్నాడు గుమ్మంలో నిలబడే.

కూర్చోమని స్టూలు జరిపాను. కూర్చోలేదు.

“జాలీ ఊడిపోనాదని నాను మూడుసార్లు మెయిలెట్టినాను. దసరా ఎల్లినాక ఒకటి, నాగులచవితికి ఒకటి, మొన్న ఒకటి. నాగులచవితిది నీ గదిలోనే కూకుని కొట్టినాను, నీకు గేపకముండాల. ఇప్పుడు మేనేజరు బాబేటో నాకేటీ రానేదు అంతన్నాడు. అయి తీసి ఇయ్యి తల్లీ.”

జ్ఞాపకం లేకేం? షిఫ్టు ఆఫీసులో కీబోర్డు పనిచేయడం లేదని వచ్చి, నా బల్ల దగ్గరే కూర్చుని కొట్టాడు. భుజం మీదుగా నేను చదివాను కూడా. జాలీ మళ్లీ ఊడిపోయింది సార్, మనుషుల చేతులకి ప్రమాదం అని. ప్రమాదం అన్న మాట కొట్టలేక అవస్థ పడుతుంటే అక్షరాలు చెప్పింది నేనే.

“ఉద్యోగం గురించి బెంగ పెట్టుకోకు బాబాయ్. బ్యాకప్ ఉంది.”

“ఉద్యోగం పోతే పోనీ. మా ఇంటిది నాతోటి మాటాడ్డం మానీసినాది. జాలీ ఊడిపోనాదని నా తమ్ముడు నీకు సెప్తే నువ్వు పైకి సెప్పనేదు, నీ కొలువు కోసం నోరు మూసుకున్నావు, ఆడి సెయ్యి నువ్వే తినీసినావు అంతాది. సెప్పినానే బాబూ అంటే నమ్మదు. ఆ కాయితాలు దాని ముందల ఎట్టాల. దానికి సదువు రాపోతే పక్కింటోల సేత సదివిస్తాను.”

“రేపు ఇదే వేళకి రా. ప్రింట్లు తీసి ఉంచుతాను,” అన్నాను.

అతను వెళ్లాక బ్యాకప్ డిస్కు కోసం సర్వర్ వెనక చెయ్యి పెట్టి తడిమాను. తీగ చేతికి తగిలింది. తీగ చివర ఏమీ లేదు. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు, ఆ తర్వాత అంతా అర్థమైంది.

మా మిల్లులో ఆయుధపూజ రోజు ఏ మిషనూ తిరగదు. అన్నీ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొడతారు. ఒక్కో విభాగం నుంచి ఒక్కో పనిముట్టు తెచ్చి పెద్ద షెడ్డులో పీటల మీద పెడతారు. ఫిట్టర్ల స్పానర్లు, వెల్డర్ల సుత్తులు, ఆఖరికి గేటు దగ్గర మనిషి టార్చిలైటు కూడా. “మీ కంప్యూటరోల సామానేటమ్మా?” అని అడిగితే ఏటా ఒక కీబోర్డు ఇచ్చేదాన్ని. ఆ ఏడు నా బుర్రకి ఒక గొప్ప ఆలోచన తట్టింది. మిల్లులో అన్నిటికన్నా విలువైనది ఆ బ్యాకప్ డిస్కే, దానికి కదా పూజ జరగాలి అని. తీగ పీకి పట్టుకెళ్లాను. పూజలో పెట్టిన సామాను మర్నాడు కొబ్బరికాయ కొట్టి కదిపేదాకా ముట్టుకోకూడదని మా దగ్గర కట్టడి. మర్నాడు నేను లేను. విజయనగరంలో దసరా వెళ్లగానే వచ్చే సిరిమాను పండక్కి ఇంటినిండా చుట్టాలని సెలవు పెట్టి వెళ్లిపోయాను. సామాన్లు కదిపి ఎవరివి వాళ్లకి చేర్చిన మనిషి నా డిస్కుని ఎర్రగుడ్డలో చుట్టి, నా గది బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఎంత భద్రం! సెలవు నుంచి వచ్చాక నేను సర్వర్ వెనక్కి తొంగిచూడలేదు. పూజనెవరూ తప్పు పట్టక్కర్లేదు, చూడని కళ్లు నావి.

అక్కడితో అయిపోలేదు. రోజూ కాపీ మొదలయ్యేది, డిస్కు కనబడక ఆగిపోయేది, బ్యాకప్ కాలేదు అని నాకొక మెయిల్ పంపేది. యంత్రాలు పంపే అలాంటి మెయిళ్లు కంటికి అడ్డం రాకుండా వేరే ఫోల్డర్లోకి పోయేలా నేనే పెట్టుకున్నాను. రెండు నెలల పైచిలుకు రోజుకొక ఉత్తరం నా పేరున వచ్చింది. ఒక్కటి చదివిన పాపాన పోలేదు. బాబాయ్ మెయిళ్లు చదవలేదని మేనేజరుని మనసులో నానా తిట్లూ తిట్టుకున్నాను, ఆయన కంటే నేనెక్కడ నయం?

ఆ మనిషిని అడిగి తెలుసుకుని బీరువా తీశాను. డిస్కు మీద పసుపు ఎండి రాలుతోంది. తుడిచి తగిలించి చూస్తే ఆఖరి కాపీ ఆయుధపూజకి ముందురోజుది. బాబాయ్ చెప్పిన మూడూ ఆ తర్వాతవే.

ఉన్నవాటిని ఉన్నట్టు ఎక్కించాను. రెండు రోజులు పట్టింది. ఒక్కొక్కరి మెయిల్ పెట్టె తెరుచుకుంటుంటే, మా పాత ఆర్డర్లు వచ్చేశాయని కొనుగోళ్ల విభాగం వాళ్లు చప్పట్లు కొట్టారు. ఎవరో స్వీట్లు కూడా తెచ్చారు. నాకొకటి పెడితే మింగుడుపడలేదు. ప్రింట్ల కోసం వచ్చిన బాబాయ్‌కి ఇంకా అవలేదు, ఇంకా అవలేదు అని చెబుతూ వచ్చాను. అతను వరండాలో కూర్చుని, నా గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేవాడు.

అతని పెట్టె ఆఖర్న తెరిచాను. దసరాకి ముందు కూడా జాలీ గురించి ఒకటి రాసి ఉండకపోతాడా అని ఆశ. రాశాడు. సార్, జాలీ వెల్డింగ్ అయిపోనాది, మిషన్ బాగున్నాది, పూజకి తయారు. అదీ ఆఖరి ఉత్తరం. పండగ ముందు మిల్లంతా మరమ్మతులు చేసుకుంటారు కదా, అప్పటి వెల్డింగ్. పండగ వెళ్లిన పది రోజులకే అది విడిపోయింది. విడిపోయిందని రాసిన మూడూ లేవు. బాగున్నాది అని రాసిన ఒక్కటే మిగిలింది. అసలేమీ దొరక్కపోయినా బాగుండేది.

దాన్ని చెరిపేద్దామా అన్న ఆలోచన వచ్చింది. అబద్ధం ఎందుకు, వచ్చింది. ఈలోగా మేనేజరు కబురు పంపాడు, ఆ విభాగం మెయిళ్లన్నీ ప్రింట్ తీసి తెమ్మని. తీసుకెళ్లి ఇచ్చాను. ఆఖరి కాగితం చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“మిషన్ బాగుందని అతనే రాశాడు కదమ్మా. ఇంకేం కావాలి?”

“తర్వాత కూడా రాశానంటున్నాడు సార్.”

“అయితే చూపించు.”

వారం తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి ఇద్దరు వచ్చి విచారణకి కూర్చున్నారు. బల్లకి అటు వాళ్లిద్దరూ మేనేజరూ, ఇటు బాబాయ్, ఒక పక్క నేను. దసరా తర్వాత మెయిళ్లు ఎందుకు లేవని నన్ను అడిగారు.

“డిస్కులో టెక్నికల్ ప్రాబ్లం వచ్చింది సార్,” అన్నాను. రాసుకున్నారు.

అప్పుడు బాబాయ్ లేచాడు. “బాబూ, నాగులచవితికి నాను ఈ అమ్మ గదిలో కూకునే కొట్టినాను. అమ్మ సదివినాది. అమ్మని అడగండి.”

అందరూ నాకేసి తిరిగారు. చూశాను అంటే ఆ మెయిల్ ఏమైందంటారు. బ్యాకప్ ఎందుకు లేదంటారు. డిస్కు బీరువాలోకి ఎలా వెళ్లిందంటారు. జాలీ ఊడిందని తెలిసి మీరేం చేశారంటారు. ఇవన్నీ ఒక్క గుక్కలో నా తలలో తిరిగాయి. ఉద్యోగం పోతుందని భయం వేసింది. అంతే, దానికి ఇంకో పేరు పెట్టను.

“గుర్తు లేదు సార్,” అన్నాను.

బాబాయ్ కూర్చున్నాడు. నేను చెప్పింది రాసుకున్న కాగితం నా ముందుకి జరిపితే సంతకం పెట్టాను.

అతన్ని పనిలోంచి తీసేశారు. మిల్లు వదిలిపోయేవాళ్లు అన్ని విభాగాల్లోనూ ఒక ఫారం మీద సంతకాలు చేయించుకోవాలి. మెయిల్ పెట్టె మూసేశామని చేసేది నా సంతకం. ఆ ఫారం పట్టుకుని వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. గట్టిగా నాలుగు తిట్టినా ప్రాణం తేలికపడేది. తిట్టలేదు.

“నిజంగా గేపకం నేదేటమ్మా?” అని మాత్రం అడిగాడు.

అప్పుడు ఏడ్చాను. ఏడుస్తూనే అంతా చెప్పేశాను, పూజ, ఎర్రగుడ్డ, బీరువా, చదవని మెయిళ్లు, భయం. అతను ఫారాన్ని చేతుల్లో మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాడు.

“ఆ గదిలో సెప్పాల్సిన మాట,” అన్నాడు. ఫారం బల్ల మీద పెట్టి, “పోనీ ఈ మాట మా ఇంటిదానితోటి సెప్తావేటి? నాతోటి వస్తావేటి?”

వస్తానన్నాను. ఆ ఆదివారమే విజయనగరంలో పాసింజరెక్కి ఆమదాలవలసలో దిగాం. స్టేషను బయట బాబాయ్ బావమరిది కోసం కమలాపళ్లు కొన్నాడు. అక్కడి నుంచి ఆటోలో వాళ్ల పల్లె.

బాబాయ్ భార్య అరుగు మీద చేటతో పెసలు చెరుగుతోంది. గుమ్మం లోపల మంచం మీద ఆమె తమ్ముడు పడుకుని ఉన్నాడు, చొక్కా కుడిచెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది. మిల్లు నుంచి వచ్చానని చెప్పగానే చేట పక్కన పెట్టింది. అంతా చెప్పాను. మీ ఆయన పైకి రాశాడు, నా కళ్లతో చూశాను, ఆ కాగితాలు పోవడానికి కారణం నేను అని. మధ్యలో ఆపకుండా విన్నది.

తమ్ముడు మంచం మీద నుంచే అన్నాడు. “జాలీ ఊడిపోనాదని బావకి నానే సెప్పినాను. బావ పైకి సెప్పినాడో నేదో నాకేటి తెల్సు? నా సెయ్యైతే రాదు.”

ఆమె నన్నే చూస్తోంది.

“మరి ఆపీసులో అడిగినప్పుడేటి సెప్పినావు?”

“గుర్తు లేదని చెప్పాను.”

“సంతకం ఎట్టినావేటి?”

“పెట్టాను.”

“అక్కడ కాయితం మీద ఒకటుండగా ఇక్కడికొచ్చి నోటితో ఇంకోటి సెప్తే ఏది నమ్మమంతావు? ఈయన బతిమాలితే జాలేసి వచ్చినావేమో, నాకేటి తెల్సు?”

“ఒట్టు, నిజంగానే చూశానమ్మా.”

“సూసినావా? అయితే అదే కాయితం మీద రాయి. నీ పేరెట్టు, ఈయన పేరెట్టు, మీ మేనేజరు పేరెట్టు. కింద సంతకం ఎట్టి అట్టుకొని రా. ఆ దినం ఈయన్ని గుమ్మం లోపలికి రమ్మంతాను.”

తెస్తానన్నాను. ఆమె లేచి లోపలికి వెళ్లింది. కాసేపటికి ఒక కంచంలో అన్నం తెచ్చి అరుగు మీద ఆయన ముందు పెట్టింది. ఇంకో కంచం తెచ్చి ఆ పక్కనే నా ముందు పెట్టింది. తలుపు దగ్గరకి వేసింది. మేమిద్దరం తిన్నాం.

ఇది జరిగి మూడేళ్లు దాటింది. నేను ఇంకా అదే మిల్లులో, అదే గదిలో ఉన్నాను. ఆ పల్లెవైపు నుంచి మిల్లుకి వచ్చే ఒకామె ఈ మధ్య చెప్పింది, బాబాయ్ ఇప్పటికీ అరుగు మీదే తిని అరుగు మీదే పడుకుంటున్నాడని. ఆ కాగితం నేను రాయలేదు. ఎన్నిసార్లో మొదలుపెట్టాను, పేరు దగ్గరికి వచ్చేసరికి ఆపేశాను. ఇప్పుడు కూర్చుని ఇంత రాశాను. ఇందులో నా పేరు లేదు, ఆయన పేరు లేదు, మేనేజరు పేరు లేదు. ఆమె ముందు పెట్టడానికి ఇదీ పనికిరాదు.